బైక్‌పై దూర ప్రయాణమా? ముందు టైర్లు చూడండి

• గాలి కొలిచేది టైరు చల్లగా ఉన్నప్పుడే. నడిచి వచ్చిన టైరు వేడెక్కి పీడనం ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేశారంటే, చల్లారాక ఉండాల్సిన దానికంటే తగ్గిపోతుంది.

• ఎంత గాలి ఉండాలో బండి మాన్యువల్ చెబుతుంది. టైరు పక్కగోడ మీది అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దాన్ని పట్టుకుని కొట్టించవద్దు. వెనుక మనిషి, సామాను ఉంటే వెనుక టైరుకు వేరే అంకె ఇస్తారు.

• ముందు టైరులో గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో బండి మాట వినదు. పక్కగోడలు అతిగా వంగి టైరు వేడెక్కుతుంది కూడా. గాలి ఎక్కువైతే రోడ్డును తాకే భాగం చిన్నదై పట్టు సడలుతుంది, గతుకుల మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. నా దృష్టిలో రెండూ ప్రమాదమే.

• గాడుల అడుగున చిన్న అడ్డకట్టలు ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు మార్చాల్సిందే. తడి రోడ్డు మీద నీటిని పక్కకు తోసేవి ఆ గాడులే.

• వెనుక టైరు మధ్యలో అరిగి చదునైందా? చేత్తో తడిమితే అంచు తగులుతుంది. అలాంటి బండి మలుపులో మొదట మొరాయించి, తర్వాత ఒక్కసారిగా వాలుతుంది.

• గాడులు బాగున్నా వయసు చూడండి. పక్కగోడ మీద 2319 అని ఉంటే, 2019లో 23వ వారం తయారీ. పగుళ్లు కనబడితే ప్రయాణం ఆపండి.

• కొత్త టైరు జారుతుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వాల్చకండి, బ్రేకు నెమ్మదిగా వేయండి.

• వాల్వు మూత మరవద్దు.