"గ్రాము ఎంత?": సొంతంగా వెండి నగలు చేసేవారి చిక్కులు, వాటి మూలాలు, మందులు

వెండి నగలను సొంతంగా గీసుకుని, సొంత చేతులతో చేసి, సొంత పేరుతో అమ్ముకునేవారి కోసం రాస్తున్నాను. వీటిలో చాలా చిక్కులు నాకూ ఎదురయ్యాయి. కొన్నింటికి మందు దొరకడానికి ఏళ్లు పట్టింది. ఎందుకంటే మన పనిలో నొప్పి ఒకచోట ఉంటే పుండు మరోచోట ఉంటుంది. అమ్మకాలు లేవని బాధపడుతుంటాం, తీరా చూస్తే తప్పు ఫొటోలో ఉంటుంది. ఒకసారి కొన్నవారు మళ్లీ రావడం లేదంటే లోపం టంకంలో ఉండవచ్చు. అందుకే లక్షణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్దాం.

ఆర్డర్లు ఉన్నాయి, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు

కొనేవారు అడిగే మొదటి ప్రశ్న "గ్రాము ఎంత?" అయి, దానికి మీరు తడుముకోకుండా జవాబు చెబుతుంటే జబ్బు అక్కడే ఉంది.

మన ఇళ్లలో నగ అంటే తూకం. లోహం ధర, తరుగు, మజూరీ, పైన పన్ను: ఈ లెక్క అమ్మమ్మలకు కూడా కంఠతా వచ్చు. బంగారానికి అది సరిపోతుంది. ధరలో పెద్ద వాటా లోహానిదే, రేపు అమ్మితే చేతికి వచ్చేదీ లోహం విలువే. వెండిలో చేతిపనికి ఇదే లెక్క కడితే తలకిందులవుతుంది. కరీంనగర్ వెండి తీగ పనిని చూడండి. సన్నని తీగలను మెలిపెట్టి, అణచి, చట్రంలో చుట్టలు చుట్టలుగా ఇమిడ్చి అతుకుతారు. నేర్పు పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది, వస్తువు తేలికవుతుంది. దాన్ని తక్కెడలో పెట్టి మజూరీ కడితే చేయి తిరిగినవాడికి కూలి తగ్గుతుంది!

ఒక జత బుట్టకమ్మలు తీసుకుందాం. బరువు 18 గ్రాములు, పని 7 గంటలు. వెండి ధర రోజూ మారుతుంది కాబట్టి లెక్క సులువు కోసం గ్రాము 100 రూపాయలు అనుకుందాం.

వెండి: 1,800
ఆకురాయి పొడిగా, పాలిష్‌లో పోయే వెండి: 150
రాళ్లు: 200
పూత: 150
గ్యాసు, టంకం, పాలిష్ సామాను: 100
పెట్టె, కొరియర్: 200
గది అద్దె, కరెంటు వాటా: 700

ఆ చివరి అంకె చాలామంది లెక్కలో కనిపించదు. అద్దె, కరెంటు కలిపి నెలకు 12,000 అవుతుందనుకోండి. ఆ నెలలో బల్ల ముందు నికరంగా కూర్చునే సమయం 120 గంటలు. అంటే గంటకు 100, ఏడు గంటలకు 700.

ఇప్పటికి 3,300 అయింది. గంటకు 250 చొప్పున మీ కూలి 1,750 కలిపితే 5,050. రేపు కొత్త పనిముట్టు కొనడానికి, పాడైన నగ నష్టం భరించడానికి ఐదో వంతు లాభం వేసుకుంటే 6,060. పన్ను నమోదు ఉంటే దీనిపై 3 శాతం జీఎస్టీ.

అదే జతను "గ్రాముకు 60 మజూరీ" అని అమ్మితే వచ్చేది 2,880. ఖర్చులే 3,300. ఏడు గంటలు ఉచితంగా పనిచేసి, పైన 420 రూపాయలు ఎదురు పెట్టారన్నమాట. ఇలాంటివి నెలకు పదిహేను జతలు అమ్ముడుపోతే దాన్ని విజయం అనుకుంటాం. నేను మొదటి ఏడాదిన్నర పని గంటలు రాసుకోలేదు. రాయడం మొదలుపెట్టిన నెలలోనే తేలింది, అందరూ ఎగబడి కొంటున్న నా వంకీ ఉంగరమే నన్ను ముంచుతోందని.

మందు రెండు భాగాలు. ఒక పుస్తకం పెట్టి, ప్రతి నగకూ పట్టిన గంటలు రాయండి. కోయడం, అతకడం మాత్రమే కాదు. ఫొటోలు, ఫోన్లో మాట్లాడటం, పార్సెల్ కట్టడం కూడా పనే. రెండోది, తూకం చెప్పండి కానీ తూకంతో ధర కట్టకండి. కార్డు మీద లోహం 925 (అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి), బరువు 18 గ్రాములు అని రాసి, ధర ఒకే అంకెగా వేయండి. అడిగితే "ఇది జత ధర అండీ, గ్రాముల లెక్కన అమ్మను" అనండి. రేపు కరిగిస్తే వెండి విలువ మాత్రమే వస్తుందని కూడా దాచకుండా చెప్పండి. కొందరు వెళ్లిపోతారు. వాళ్లు మొదటినుంచీ వెండి కొనడానికి వచ్చినవాళ్లు, మీ పని కోసం కాదు.

షాపులో పెట్టాను, అమ్ముడుపోయింది, అయినా నష్టమే

కారణం పై లెక్కలోనే ఉంది. 40 శాతం కమిషన్ తీసుకునే షాపులో 6,060 రూపాయల జత అమ్ముడైతే చేతికి 3,636 వస్తుంది. ఖర్చులు పోగా మిగిలేది 336, అంటే గంటకు 48 రూపాయలు. ఆ కమిషన్‌ను తట్టుకోలేని నగను షాపుకు ఇవ్వకండి. తక్కువ గంటల్లో అయ్యే చిన్న కమ్మలను కమిషన్ కలుపుకుని ధర కట్టి షాపులకు ఇచ్చి, పెద్ద పనిని మీ దగ్గరే అమ్ముకోండి. ఒకే నగకు షాపులో ఒక ధర, మీ దగ్గర తక్కువ ధర పెట్టడం మాత్రం కుదరదు. షాపువారికి తెలిసిన రోజున ఆ తలుపు మూసుకుంటుంది.

"ఇది అసలు వెండేనా అమ్మా? నల్లబడిపోయింది"

ఈ ఫోన్ రాని వెండిపనివారు లేరు. కంగారుపడి డబ్బు తిరిగి ఇచ్చేయకండి, వాదనకూ దిగకండి. ముందు ఫొటో పంపమనండి. నలుపు ఎక్కడుంది, ఎప్పుడు వచ్చింది అన్నదాన్ని బట్టి కారణం మారుతుంది.

నగ అంతటా, కొన్ని వారాల తర్వాత, పలచగా నలుపు లేదా పసుపు తిరిగితే అది వెండి సహజ గుణం. గాలిలోని గంధకపు వాయువులు వెండిపై సల్ఫైడు పొరగా పేరుకుంటాయి. రబ్బరు, ఉన్ని, చెమట, సెంట్లు ఆ పనిని తొందర చేస్తాయి. నలుపు రావడం నకిలీకి గుర్తు కాదు. ఇంట్లో పోగొట్టే దారి ఉంది: గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, నగ దానికి తగిలేలా ఉంచి, వేడినీళ్లు, వంటసోడా వేస్తే పొర తిరిగి వెండిగా మారుతుంది. ముత్యాలు, ఫిరోజా పొదిగిన నగలకు ఇది పనికిరాదు. కావాలని నల్లబరచిన ఆక్సిడైజ్డ్ నగను అందులో వేస్తే మీరు కష్టపడి తెచ్చిన నలుపంతా పోతుంది. నగతో పాటు పంపే చిన్న చీటీలో ఇది రాసి పెడితే సగం ఫోన్లు ఆగుతాయి. అన్నీ పూర్తయ్యాక చివరగా పెట్టుకుని, ఇంటికి రాగానే మొదట తీసి, గాలి చొరని సంచిలో వేయమని కూడా రాయండి.

కొత్త నగలోనే, పాలిష్ చేశాక, ఎర్రటి ఊదా రంగు మచ్చలు మబ్బుల్లా కనిపిస్తే తప్పు మనది. 925 వెండిలో మిగతా 7.5 శాతం సాధారణంగా రాగి. మంట తగిలినప్పుడు ఆ రాగి గాలితో కలిసి పైపొర కింద మచ్చ కడుతుంది. ఎంత రుద్దినా పోదు, రుద్దినకొద్దీ ఇంకా బయటపడుతుంది. అతికే ముందు నగ మొత్తాన్ని బోరిక్ ఆమ్లం కలిపిన స్పిరిట్‌లో ముంచి, బయటికి తీసి, స్పిరిట్ గిన్నెకు దూరంగా వెలిగించండి. పలచని తెల్లటి పొర మిగిలి గాలిని అడ్డుకుంటుంది. అతుకు దగ్గర వెలిగారం (బోరాక్స్) రాసేది ఎలాగూ ఉంది. మంట పెద్దదిగా పెట్టి త్వరగా ముగించండి. చిన్న మంటతో ఎక్కువసేపు వేడి చేయడమే అసలు తప్పు.

అతుకు చుట్టూ మాత్రమే నలుపు ఉంటే వెలిగారం సరిగా కడగలేదు, లేదా వెండి తక్కువగా ఉన్న టంకం వాడారు. పలచని ఆమ్లంలో ఉడికించి, కుంకుడు రసంతో బ్రష్ చేయండి. పాతకాలపు స్వర్ణకారులు చింతపండు నీళ్లతో నడిపిన పని ఇదే. ఆమ్లంలోకి ఇనప పట్టకారు దించకండి, దించితే వెండి మీద రాగి రంగు తిరుగుతుంది. నేను మొదటిసారి దించినప్పుడు నగకు దయ్యం పట్టిందనుకున్నాను.

బంగారు పూత నెలల్లోనే పోతోందంటే పూత పలచన. పూత వేసేవారిని "ఎన్ని మైక్రాన్లు?" (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. వెండి మీద మందంగా బంగారు పూత వేసిన నగను వర్మే అంటారు. ఆ పేరు వాడాలంటే అమెరికాలో కనీసం 2.5 మైక్రాన్లు ఉండాలి. మన బజార్లో "వన్ గ్రామ్ గోల్డ్" అనే మాటకు అలాంటి కొలతేమీ లేదు, కాబట్టి మీ కార్డు మీద ఆ మాట వాడకపోవడమే మంచిది.

చెవి దురద పెడుతోందన్నారు

పది సార్లలో తొమ్మిది సార్లు నికెల్ పనే అని నా అనుభవం. పూత కింద వేసే పొరలో ఉంటుంది, లేదా చవగ్గా కొన్న కొక్కేల్లో. చెవిలోకి వెళ్లే పుల్లను పూత లేని వెండితో మీరే చేయండి. మిగతాదానికి నికెల్ లేని పూత వేయమని చెప్పండి.

"హాల్‌మార్క్ ఉందా?"

మీరే అచ్చు కొట్టిన 925 హాల్‌మార్క్ కాదు. దాన్ని అలా చెప్పుకోవడం తప్పు. హాల్‌మార్క్ అంటే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వద్ద నమోదై, గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష చేయించాక పడే ముద్ర. వెండికి ఇది ఐచ్ఛికం. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్క్ వేసే వెండి నగలకూ ఒక్కో నగకు వేరుగా ఉండే, అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ సంఖ్య వస్తోంది. కొనేవారు బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. పెద్ద నగలకైనా వేయించండి, వాదనలు తగ్గుతాయి. బంగారంలోకి దిగాలనుకుంటే నిబంధనలు వేరు, అక్కడ చాలా జిల్లాల్లో ముద్ర తప్పనిసరి. మీ టర్నోవరుకు, నగ బరువుకు మినహాయింపు వర్తిస్తుందేమో ముందే కనుక్కోండి.

లైకులు వందల్లో, అమ్మకాలు వేళ్ల మీద

ఫొటోలో కమ్మ అందంగా ఉంది. కానీ అది వేలెడంత ఉందా, గోరంత ఉందా? చూసేవారికి తెలియదు. ధర చూద్దామంటే "ధర కోసం మెసేజ్ చేయండి" అని ఉంది. అడిగాక కొనకపోతే ఏమనుకుంటారోనని మొహమాటపడేవారు మనలో ఎక్కువ. అడగరు, ఒక లైకు ఇచ్చి వెళ్లిపోతారు.

ఒక ఫొటో చెవికి పెట్టుకుని, ఒకటి వెనకవైపు, ఒకటి స్కేలు పక్కన. ఎత్తు మిల్లీమీటర్లలో, బరువు, ధర, ఎన్నాళ్లలో పంపగలరు. ఎండ నేరుగా పడే చోట వెండి ఫొటో తీయకండి, తెల్లగా పేలిపోతుంది. కిటికీ పక్కన తెల్లటి కాగితం అడ్డం పెట్టి తీయండి.

"మా పాత పట్టీలు కరిగించి చేసిపెట్టండి"

వద్దనడం కష్టం. అమ్మమ్మ పట్టీలు, పాప చిన్నప్పటి మువ్వలు. వాటి వెనక కథ ఉంటుంది. మనకూ ఆ కథ మీద మనసవుతుంది. కరిగించాక తీగ లాగితే కమ్మచ్చు (తీగను సన్నబరిచే రంధ్రాల పలక) దగ్గర పుటుక్కున తెగుతుంది, రేకు కొడితే అంచులు పగులుతాయి. కారణం, పాత పట్టీల వెండి ఎంత మేలిమిదో చూపుకు తెలియదు. పైగా ఎన్నో అతుకుల టంకం, అందులోని ఇతర లోహాలు మొత్తం కరిగి కలిసిపోతాయి. పగిలిన నగకు బాధ్యులు మీరే అవుతారు. తూకంలో తరుగు వస్తే "వెండి తీసుకుంది" అనే మాట కూడా పడుతుంది. ఒకసారి నేను పడ్డాను.

పాత వెండిని వారి కళ్ల ముందే తూచి, పరీక్షా కేంద్రంలో స్వచ్ఛత చూపించి, ఆ విలువను బిల్లులో తగ్గించండి. నగ మాత్రం మీ 925 వెండితోనే చేయండి. జ్ఞాపకం మిగలాలంటే పాత మువ్వ ఒకటి కరిగించకుండా కొత్త గొలుసుకు వేలాడదీయవచ్చు. చాలామంది దీనికే ఎక్కువ సంతోషిస్తారు.

ఇలాంటి సొంత ఆర్డర్లన్నింటికీ బొమ్మ గీసి, కొలతలు వేసి, సంతకం తీసుకోండి. వెండి ఖర్చు మొత్తం ముందే అందాలి, అందిన రోజే వెండి కొనాలి. వారం ఆగితే ధర ఎటు పోతుందో ఎవరికి తెలుసు? బొమ్మ దశలో రెండు మార్పులు ఉచితం, వెండి కోశాక మార్పుకు డబ్బు. చుట్టాలకు కూడా. ముఖ్యంగా చుట్టాలకు.

నా డిజైన్ వేరేవాళ్లు చేసి అమ్ముతున్నారు

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. కాసులపేరు, వంకీ, మామిడిపిందెల హారం ఎవరి సొత్తూ కావు. నిజంగా మీరే కొత్తగా సృష్టించిన రూపమైతే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. 10 ఏళ్ల రక్షణ, మరో 5 ఏళ్ల పొడిగింపు. అందరూ జారిపడేది ఒక్కచోటే: దరఖాస్తుకు ముందే ఫొటో బయట పెడితే ఆ రూపం "కొత్తది" కాకుండా పోతుంది. ముందు దరఖాస్తు, తర్వాతే ఫొటో. నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువ ప్రతులు తీస్తే దాని మీద కాపీరైటు కూడా మిగలదు. అచ్చు పోయించి అమ్మేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రతి కమ్మకూ నమోదు ఖర్చు పెట్టలేం. ఏడాదికి ఒకటో రెండో ముఖ్యమైనవి ఎంచుకోండి. మిగతావాటికి తేదీలతో గీతల పుస్తకం ఉంచుకుంటే చాలు.

సాయంత్రానికి గొంతు మంట, తలనొప్పి

టంకంలో కాడ్మియం ఉందేమో చూడండి. "కేడీఎం నగ" అంటే మేలురకం అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు కానీ, ఆ మూడక్షరాలు కాడ్మియం టంకానివే. దాని పొగ ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు చేటు. కాడ్మియం లేని టంకం అని అడిగి కొనండి. పొగ బయటికి లాగే ఫ్యాన్ పెట్టండి. పాలిష్ దగ్గర మాస్కు.

ఆషాఢం వచ్చింది, ఫోన్ మోగడం లేదు

ఏటా వచ్చేదే. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, తర్వాత దసరా, ధన త్రయోదశి, మాఘంలో పెళ్లిళ్లు. ఖాళీ నెలల అద్దె నిండు నెలల్లోనే పక్కన పెట్టుకోండి. ఆషాఢంలో శ్రావణానికి సరుకు చేయండి.

ఆర్డర్లు పెరిగాయి, ఒక్కరివల్ల కావడం లేదు

సహాయానికి ఒక స్వర్ణకారుడిని పెట్టుకుంటారు. మొదటి రోజే ఆయన అడుగుతారు, "గ్రాముకు ఎంత ఇస్తారు?" అని. ఆయనకు అలవాటైన లెక్క అదే, మీకు చవకగా పడేదీ అదే. ఒప్పేసుకుంటే మూడు నెలల్లో నగలు బరువెక్కుతాయి, తీగ లావవుతుంది, పని మొరటవుతుంది. గ్రాముకు కూలి ఇచ్చినచోట గ్రాములే తయారవుతాయి.

మొదటి నగ ఇద్దరూ కలిసి చేసి, పట్టిన గంటలు చూసి, జతకు ఇంత అని కూలి కట్టండి. తేలికగా, సన్నగా వచ్చిన జతకు ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి. ఆయన గంటలనూ మీ పుస్తకంలోనే, మీ గంటల పక్క గడిలో రాయండి.