మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో పతకం ఎవరిదో ముందుగా అంచనా కట్టడం ఎలా

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫ్రీ స్కేట్‌లో, అంటే స్కోర్లు కలిపి చూసే రెండు భాగాల పోటీలో పొడవైన రెండో భాగంలో, అందరికన్నా ఎక్కువ స్కోరు అలెగ్జాండ్రా ట్రుసోవాది. గాలిలో నాలుగు చుట్లు తిరిగే క్వాడ్ జంప్‌లు ఐదింటికి సాహసించి ఆమె 177.13 పాయింట్లు తెచ్చుకుంది. అయినా స్వర్ణం 175.75 సాధించిన అన్నా షెర్బకోవాకే దక్కింది, ఎందుకంటే మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో ట్రిపుల్ ఆక్సెల్ (ముందుకు చూస్తూ ఎగిరి మూడున్నర చుట్లు తిరిగే జంప్) దగ్గర పడిపోయిన ట్రుసోవా అప్పటికే 5.60 పాయింట్లు వెనకబడి ఉంది. అందుకే ఫేవరెట్ ఎవరని అడిగితే నేను ముందుగా వెతికేది ఆ సీజన్‌లో స్కేటర్ చేసిన అత్యల్ప స్కోరు. జంప్ చెడిన రోజున కూడా ఆమె ఎక్కడ నిలబడగలదో అది చెబుతుంది.

ఇందుకు కావలసినది ప్రతి అంతర్జాతీయ పోటీ తర్వాత విడుదలయ్యే ప్రోటోకాల్, అంటే ఒక్కో అంశానికి ఎన్ని మార్కులు పడ్డాయో చూపే పట్టిక. చివరి మూడు నాలుగు పోటీలవి ముందు పెట్టుకోండి. జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో సొంత దేశపు జడ్జీలు మార్కులు ధారాళంగా వేస్తారు కాబట్టి వాటిని పక్కన ఉంచడం మేలు.

ఇటీవలి సీజన్ల లెక్కలో ట్రిపుల్ ఆక్సెల్ మూల విలువ, అంటే ఆ జంప్‌కు ముందే నిర్ణయించిన మార్కులు, 8.00. జడ్జీలు నాణ్యతకు మైనస్ ఐదు నుంచి ప్లస్ ఐదు వరకు వేస్తారు, ఒక్కో మెట్టుకు మూల విలువలో పదో వంతు చొప్పున మారుతుంది. ప్లస్ రెండు వస్తే 9.60, చుట్లు పూర్తయినా పడిపోతే, నాణ్యతకు మైనస్ ఐదు పడి, పడినందుకు కోసే ఒక పాయింటు పోగా, మిగిలేది 3.00. చక్కగా వేసిన డబుల్ ఆక్సెల్‌కు (రెండున్నర చుట్లు) ప్లస్ మూడు పడితే 4.29. అంటే కాగితం మీద సాహసానికే మొగ్గు. కానీ షార్ట్ ప్రోగ్రామ్‌లో ఆ జంప్ గాలిలోనే విచ్చుకుని ఒకే చుట్టుగా ముగిస్తే వచ్చేది సున్నా. పైగా పడి లేచిన స్కేటర్ తర్వాతి జంప్‌ను కూడా తడబడుతూ వేయడం తరచుగా కనిపిస్తుంది. కాబట్టి గత పోటీలలో ఆ జంప్ ఎన్నిసార్లు నిలిచిందో మీరే లెక్కపెట్టండి.

ఇక కాంపొనెంట్ మార్కులు, అంటే విడివిడి జంప్‌లకు కాక మొత్తం ప్రదర్శనకు వేసేవి. కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడింటికి తలా పది. ఫ్రీ స్కేట్‌లో ఆ మొత్తాన్ని 2.67తో గుణిస్తారు కాబట్టి గరిష్ఠం ఎనభై దాకా వెళుతుంది. ఈ మార్కులు పోటీ పోటీకీ పెద్దగా మారవు. జపాన్ స్కేటర్ కవోరి సకమొతో ట్రిపుల్ ఆక్సెల్ లేకుండానే 2022, 2023, 2024లలో వరుసగా ప్రపంచ విజేత అయింది. 2024లో మాంట్రియల్‌లో షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత నాలుగో స్థానంలో ఉండి కూడా గెలిచింది. ఆమె డబుల్ ఆక్సెల్ చూడండి: పరుగు తగ్గించకుండా ఎగిరి, చాలా దూరంలో దిగి, అదే వేగంతో సాగిపోతుంది. నాకు అంతకన్నా అందమైన దృశ్యం ఈ క్రీడలో లేదు.

పట్టికలు పట్టుకోలేనివీ ఉంటాయి. పదహారేళ్లకే ఆట మానేసి 2024లో తిరిగివచ్చిన అమెరికా స్కేటర్ అలీసా లియు, 2025 ఫిబ్రవరిలో సియోల్‌లో జరిగిన ఫోర్ కాంటినెంట్స్‌లో (యూరప్ బయటి దేశాల స్కేటర్ల ఛాంపియన్‌షిప్) నాలుగో స్థానంలో ఆగి, మార్చిలో బోస్టన్‌లో 222.97తో ప్రపంచ టైటిల్ గెలిచింది.

అందుకే అంచనాను షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత సవరించుకోండి. ఐదు పాయింట్ల తేడాను ఒక్క ట్రిపుల్ ఆక్సెల్ పూడ్చగలదు. ఫ్రీ స్కేట్‌కు ముందు ఆరు నిమిషాల వార్మప్‌ను తప్పక చూడండి. దిగిన కాలి బ్లేడు మంచు మీద వెనక్కి ఒకే గీతగా జారితే చుట్లు గాలిలోనే పూర్తయ్యాయి. కాలు ఆనిన తర్వాత కూడా తిరుగుతూ మంచు పొడి చిమ్మితే, ఆ జంప్‌కు జడ్జీల దగ్గర కోత పడే ప్రమాదం ఉంది.