విశాఖలో చేత్తో నవల రాసేవాళ్లకు: కలం పట్టేముందు చూసుకోవాల్సినవి

నవల మధ్యలో ఆగిపోతే కథ కుదరలేదనే అనుకుంటాం. చేత్తో రాసేవాళ్ల విషయంలో నేను ముందు అనుమానించేది కాగితాన్నీ పెన్నునీ. ఈ ఊళ్లో మరీను.

సమస్య: ఇంకు పాకుతోంది, వెనక పేజీలోకి దిగుతోంది

కారణం సగం కాగితం, సగం ఊరు. కాగితం గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ పక్కన వదిలేసిన నోటుబుక్కు పొద్దున్నకి మెత్తబడి ఉంటుంది. పైగా చవక నోటుబుక్కుల్లో వాడేది పల్చటి కాగితం.

70 జీఎస్ఎంకి (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) తగ్గని కాగితం చూడండి. ముందు ఒక్కటే కొనండి. చివరి పేజీలో మీ పెన్నుతోనే ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘ఊర్ధ్వం’ రాసి, ఐదు నిమిషాలాగి పేజీ తిప్పండి. ఒత్తుల మెలికల దగ్గర పాళీ మళ్లీ మళ్లీ అదే చోట తిరుగుతుంది, ఇంకు ముందుగా దిగేది అక్కడే. ఆ మూడు మాటలూ వెనక్కి దిగకపోతే మిగతావి కొనుక్కోవచ్చు.

సమస్య: చెమటకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి

జెల్ ఇంకు నీటితో చేసింది, ఆరడానికి వ్యవధి కావాలి. ఉక్కపోత రోజుల్లో అరచెయ్యి అంతవరకు ఆగదు. చెయ్యి కింద మడిచిన తెల్లకాగితం పెట్టుకుని, వరుసతోపాటు కిందికి జరుపుతూ రాయండి. చేతి జిడ్డు అంటిన చోట పెన్ను పలకకపోవడం కూడా దీంతో తగ్గుతుంది.

సమస్య: బొటనవేలు లాగేస్తోంది

బాల్‌పెన్ ఇంకు చిక్కటి నూనె ఇంకు, నొక్కితేగాని రాయదు. పరీక్ష రాయడానికి పరవాలేదు గానీ నెలల తరబడి నవలకి కష్టం. ఇంకు పెన్ను పాళీ కాగితానికి తగిలితే చాలు, రాస్తుంది. రాజమండ్రి రత్నం పెన్నుల పేరు తెలియనివాళ్లు మనలో తక్కువే కదా. తెలుగుకి సన్నపాళీ నయం, లావు పాళీతో ‘ఘ’, ‘మ’ల కడుపులు పూడిపోతాయి. ఇంకు మాత్రం తడికి చెదరనిది తీసుకోండి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే పెన్ను మార్చి ఊరుకోకండి, డాక్టరుకి చూపించండి.

సమస్య: రాసింది మనకే అర్థం కావడం లేదు

మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఇరుకు గీతల్లో పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. గీత విడిచి గీత రాయండి. కుడిచేతి పేజీలోనే రాసి ఎడమది ఖాళీగా ఉంచండి. దిద్దుబాట్లూ, తర్వాత తట్టిన సంభాషణలూ అక్కడికెళ్తాయి. కాగితం వృథా అనిపిస్తుంది గానీ, నా మటుకు నాకు ఇంతకంటే పనికొచ్చే అలవాటు లేదు.

ఏ సీను ఎక్కడుందో దొరకాలంటే మొదటి రోజే పేజీలకి నంబర్లు వేయండి. 3/47 అంటే మూడో పుస్తకం, నలభై ఏడో పేజీ.

సమస్య: రోజూ రాస్తున్నా లెక్క తేలడం లేదు

నవలంటే 50,000 మాటలు రాయాలనే లక్ష్యం ఇంగ్లీషు నవలల నుంచి వచ్చింది. ఇంగ్లీషులో కొన్ని మాటలు పట్టే ‘వెళ్లిపోతున్నాడనుకున్నాను’ మనకి ఒక్క మాటే. మాటలు మానేసి పేజీలు లెక్కపెట్టుకోండి.

సమస్య: ఉన్నది ఒక్కటే ప్రతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరికి ఏం చేసిందో తెలిసిందే. రాయడం ముగించి లేచేముందు ఆ రోజు పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి, ఫోన్లోనే కాకుండా ఆన్‌లైన్‌లో కూడా దాచండి. నిండిన పుస్తకాలను బయటి గోడకి ఆనుకున్న అల్మరాలో పెట్టకండి, వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లుతుంది. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో వేసి పై అరలో ఉంచండి. మెత్తబడిన పుస్తకాన్ని మాత్రం అలాగే కవర్లో మూయకూడదు, బూజు పడుతుంది. ఫ్యాను కింద పేజీలు విప్పి పూర్తిగా ఆరనిచ్చాకే పెట్టండి.