నేలమట్టమైన వుడ్‌స్టాక్ రాజగృహం: విశాఖ నుంచే జాడ తీయడం ఎలా

విశాఖ దగ్గరి బౌద్ధ విహారం తొట్లకొండ ఎక్కితే పునాదులైనా కంటికి కనిపిస్తాయి. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వుడ్‌స్టాక్‌లో అవీ కనిపించవు. మొదటి హెన్రీ కాలం నుంచి ఇంగ్లండ్ రాజులు వేటకొచ్చి దిగిన ఇల్లది. మూడో ఎడ్వర్డ్ కొడుకు బ్లాక్ ప్రిన్స్ 1330లో పుట్టింది అక్కడే. 1705లో ఎస్టేటు మార్ల్‌బరో డ్యూక్‌కి దక్కింది. పక్కనే బ్లెనిమ్ ప్యాలెస్ లేచింది, పాత ఇంటిని కూల్చి నేల చదును చేశారు. ఇప్పుడక్కడ మిగిలింది ఓ గుర్తురాయి.

ఇలాంటి ఇంటికి మొదట పట్టుకోవాల్సింది మరమ్మతు లెక్కలు. ఏ గదికి కిటికీ పెట్టించారో, ఏ కప్పు బాగుచేయించారో అందులోనే తెలుస్తుంది. మూడో హెన్రీ ఈ ఇంటి మీద బాగా ఖర్చుపెట్టాడు. ఆయన చెల్లింపు ఉత్తర్వులైన లిబరేట్ రోల్స్‌కి ఇంగ్లీషు సారాంశ సంపుటాలున్నాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. ఊరి పేరు నేటి స్పెల్లింగుతో కొడితే చాలాచోట్ల దొరకదు, ముందు సంపుటం చివరి సూచిక చూసి పాత స్పెల్లింగులు రాసుకోండి. ‘వార్డ్‌రోబ్’ అని కనిపిస్తే బీరువా అనుకోకండి. అది సామాను దాచే గది, రాజుగారి ఖర్చులు చూసే శాఖకీ అదే పేరు.

ఎక్కువ మంది తప్పేది తేదీల దగ్గర. రోల్స్‌లో సంవత్సరం రాజు ఏలుబడిని బట్టి ఉంటుంది. మూడో హెన్రీ ఏలుబడి సంవత్సరం అక్టోబరు 28న మొదలవుతుంది, మొదటిది 1216లో. కాబట్టి 22వ ఏడంటే 1237 అక్టోబరు 28 నుంచి 1238 అక్టోబరు 27 దాకా. 1216కి 22 కలిపి 1238 అని రాసేస్తే, 1237 నవంబరు, డిసెంబరు ఖర్చులు ఏడాది ముందుకు జరిగిపోతాయి. సింహాచలం శాసనాల్లో శక సంవత్సరానికి 78 కలిపి, జనవరి నుంచి ఉగాది దాకా మాత్రం 79 కలుపుతాం కదా, అదే జాగ్రత్త ఇక్కడా కావాలి.

డబ్బు తేలికే: పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. ‘మార్క్’ అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు. అది లెక్కల్లోనే ఉండేది, అలాంటి నాణెం లేదు.

ఇక నేల. విమానం నుంచి లేజరుతో నేల ఎత్తులు కొలిచిన లైడార్ డేటాని ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ఉత్త నేల ఎత్తులు మాత్రమే చూపే 1 మీటరు డీటీఎం దించుకోండి, పైపై ఎత్తులు చూపే డీఎస్ఎం వద్దు, అందులో చెట్లు కూడా వచ్చేస్తాయి. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో హిల్‌షేడ్, అంటే ఎత్తుపల్లాల్ని వెలుగునీడలతో చూపే పటం వేస్తే, వెలుగు సాధారణంగా 315 డిగ్రీల (వాయవ్యం) నుంచి పడుతుంది. ఆ దిశలోనే సాగే గోడగట్టుకి నీడ పడదు, కనుక కనిపించదు. అందుకే 45 డిగ్రీలకు మార్చి రెండోసారి కూడా వేయండి.

చూడాల్సింది వంతెన పక్కన, చెరువుకి ఉత్తరపు ఒడ్డు. ఆ చెరువు మధ్యయుగాలది కాదు, 1760ల్లో తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ గ్లైమ్ ఏటికి కట్ట వేయించి నింపాడు. పాత ఇంటి కింద ఉన్నది ఏటి లోయ, మీ పటంలో నీళ్ళు చెరిపి గీయండి. రెండో హెన్రీ ప్రియురాలు రోజమండ్ కథతో ముడిపడ్డ ఎవర్స్‌వెల్ ఊటకొలనులు వేరే చోట, ఇంటికి పడమరగా ఉండేవి. వాటి ఖర్చుని ఇంటి ఖర్చులో కలపకుండా విడిగా రాసుకోండి.