పోపు వాసన పడని రోజుల్లో
మా ఆవిడకి నాలుగో నెల. ఇంగువ పోపంటే ప్రాణం పెట్టే మనిషి, ఇప్పుడు ఆవాలు చిటపటలాడితే చాలు బాత్‌రూమ్‌కి పరుగు. దాంతో వంట నా చేతికొచ్చింది. నాలుగు వారాలు తిప్పలు పడ్డాక అర్థమైంది, గొడవంతా వేడి ఆవిరితో వచ్చే వాసనదే. అందుకే తను మేడ మీదకి వెళ్ళినప్పుడు కిటికీలు తీసి పోపు కానిచ్చేస్తున్నా. పప్పు, అన్నం వేడి తగ్గాక పెడితే అదే తిండి హాయిగా తింటోంది. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలిపితే ఇంకేమీ అడగదు.

పొద్దున్నే వికారం ఎక్కువ. మంచం పక్కన డబ్బాలో మరమరాలు పెట్టా. లేవకముందే గుప్పెడు నమిలి, పావుగంట ఆగి లేస్తోంది. వాంతులు పూర్తిగా ఆగలేదు కానీ తగ్గాయి. గుక్కెడు నీళ్ళు కూడా నిలవకపోతే మాత్రం చిట్కాలు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇంకోటి. ఐరన్ మాత్ర కాఫీతో వేసుకునేది! కాఫీ, టీ, పాలు ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఇప్పుడు నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటోంది, కాఫీ రెండు గంటల తర్వాతే. ఈ సంగతి మా అత్తగారికి నేనే చెప్పాల్సి వచ్చింది, అదో ఆనందం.