మచ్చలకు లేజర్ చేయించుకునే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

బండి మీద నుంచి పడి చర్మం గీరుకుపోయినా, వంటింట్లో వేడినూనె చింది కాలినా మిగిలే మచ్చను లేజర్ పూర్తిగా చెరిపివేయలేదు. మచ్చ ఎత్తును, బిరుసును, ఎరుపును తగ్గించి అది పక్కనున్న చర్మంలో కొంతవరకు కలిసిపోయేలా చేయడమే దాని పని. ఆ మెరుగు కూడా ఒక్క సిట్టింగ్‌తో రాదు. నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో కొన్ని సిట్టింగ్‌లు పడతాయి. ‘మచ్చ మాయమవుతుంది’ అని హామీ ఇచ్చేచోట చేయించుకోకపోవడమే మంచిది.

మనవంటి చామనఛాయ, నలుపు చర్మాలకు లేజర్‌తో ఎక్కువగా వచ్చే చిక్కు కొత్త నలుపు. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువగా ఉండడం వల్ల, లేజర్ వేడికి చర్మం వాచి మానే క్రమంలో రంగు కణాలు రెచ్చిపోయి, మచ్చ ఉన్నచోటే ముదురు మరక ఏర్పడి నెలల తరబడి నిలిచిపోవచ్చు. అందువల్ల తెల్లని చర్మానికి వాడే మోతాదునే మనకూ వాడకూడదు. ముఖమంతా మొదలుపెట్టకముందు చెవి వెనుకనో, మచ్చలో కనిపించని ఒక మూలనో చిన్న చోట పరీక్షించి, మూడు నాలుగు వారాలు ఆగి చూడమని మీరే అడగండి. నలుపు వెంటనే కనిపించదు కనుక మర్నాడే చూసి బాగుందనుకోవడం చాలదు.

కాలం ఎంచుకోవడం కూడా ఇందులో భాగమే. మార్చి నుంచి జూన్ తొలివారాల దాకా మన ఎండలో తిరగక తప్పనివారు, ముఖ్యంగా పొలం పనివారు, డెలివరీ ఉద్యోగులు, చికిత్సను కార్తీక, మార్గశిర మాసాలకు వాయిదా వేసుకోవడం మేలు. ఎండకు కమిలి నల్లబడిన చర్మంపై లేజర్ వేయించుకోకూడదు. సిట్టింగ్‌కు కొన్ని వారాల ముందు నుంచే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకుంటూ, బయట ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పెళ్లి కుదిరినవారు ఇంకా ముందే ఆలోచించాలి. ముహూర్తానికి నెల ముందు మొదలుపెడితే ఒక సిట్టింగ్ ఫలితమైనా తేలదు. పైగా మానుతున్న చర్మానికి నలుగు పెట్టి సున్నిపిండితో రుద్దితే పుండు కావచ్చు.

డాక్టరుకు దాచకుండా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. చెవి కుట్టించుకున్నచోట ఉండ కట్టినా, చిన్న గాయం ఛాతీ మీదో భుజం మీదో పెరిగి గాయం హద్దు దాటినా అది కీలాయిడ్ తత్వం కావచ్చు. అలాంటివారికి లేజర్ ఒక్కటే వేస్తే మచ్చ తిరిగి పెరగవచ్చు; చాలాసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా కావలసి వస్తాయి. పెదవుల దగ్గర తరచూ నీటిపొక్కులు రావడం, షుగరు, గర్భం, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు, రక్తం పలుచబరిచే మందులు, వీటన్నింటి సంగతీ చెప్పాలి. ఆ మందులను మాత్రం మీ అంతట మీరు మానకండి. తెల్లబడతామని మందుల షాపులో కొనుక్కునే స్టెరాయిడ్ కలిసిన క్రీముల విషయం చాలామంది బిడియపడి చెప్పరు. అవి చర్మాన్ని పలుచన చేస్తాయి కాబట్టి తప్పక చెప్పాలి.

చికిత్స చేసేవారు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన చర్మవ్యాధి నిపుణులో, ప్లాస్టిక్ సర్జనో అయి ఉండాలి. పార్లర్ ప్యాకేజీలను నమ్మవద్దు. లేజర్ వేసేటప్పుడు కళ్లకు రక్షణ కవచం పెట్టారో లేదో చూసుకోండి. నొప్పి తెలియకుండా రాసే మత్తు క్రీమును ఇంట్లోనే ఎక్కువ మేర పులిమి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని వెళ్లడం ప్రమాదం. అందులోని లిడోకైన్ రక్తంలోకి ఎక్కువగా చేరితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు.

చర్మాన్ని సన్నని చుక్కలుగా కాల్చే ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ తరువాత ముఖం మీద సాధారణంగా వారంలోపు సన్నటి గోధుమరంగు పక్కులు కట్టి, ఇసుక కాగితంలా గరుకుగా తగులుతాయి. వాటిని గిల్లకుండా, డాక్టరు చెప్పిన పెట్రోలియం జెల్లీ వంటి లేపనం పలుచగా రాస్తూ వాటంతటవే రాలనివ్వాలి. పసుపు, కలబంద, టూత్‌పేస్టు వద్దు. హెల్మెట్ పట్టీ మచ్చకు ఒరుసుకునేట్లయితే మానేవరకు బండి నడపవద్దు. హెల్మెట్ తీసేసి నడపడం మాత్రం వద్దు.

రోజులు గడిచేకొద్దీ తగ్గవలసిన నొప్పి పెరిగినా, చీము, జ్వరం, నీటిపొక్కులు కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి ఏమీ లేకపోయినా, నాలుగో వారానికి మచ్చ మునుపటికన్నా నల్లగా కనిపిస్తే, డబ్బు ముందే కట్టేశామని తరువాతి సిట్టింగ్‌కు కూర్చోకుండా, ఆ నలుపు తగ్గేదాకా ఆపమని డాక్టరును అడగండి.