మెక్ కట్టుకుందాం – 3: ఎక్స్‌ఎల్ ఇంజన్ పెట్టి పోయినవాళ్ల కోసం

మెక్‌వారియర్ ఆన్‌లైన్ ఆటలో మెక్ (మనం నడిపే పెద్ద యుద్ధ రోబో) కట్టడం గురించి పోయిన పాఠంలో "బరువు మిగుల్చుకోండి" అన్నాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని సగం మంది హంచ్‌బ్యాక్ అనే మెక్‌లో, మామూలు (స్టాండర్డ్) దానికంటే తేలికైన ఎక్స్‌ఎల్ ఇంజన్ దూర్చేశారు. తర్వాత నాకు వచ్చిన స్క్రీన్‌షాట్లన్నీ ఒకటే బాపతు. గాజువాక తమ్ముడొకడు "అన్నా, నడి ఛాతీ మీద గీత కూడా పడలేదు, ఎలా పోయానో ఏటో, ఎవడో హ్యాక్ కొట్టుంటాడు" అని రాశాడు. హ్యాకూ లేదు, గీకూ లేదు. ఈసారి చెబుదామనుకున్న వేడి లెక్క అందుకే వచ్చే పాఠానికి జరిగింది.

మెక్‌ల్యాబ్ (మెక్ కట్టుకునే తెర) తెరవడం, హార్డ్‌పాయింట్‌లో (ఆయుధం తగిలించే చోటు) ఆయుధం పెట్టడం మళ్లీ చెప్పను, అవి వచ్చేసే ఉంటాయి. వేగం ఒక్క ముక్కలో: ఇంజన్ నంబరును మెక్ బరువుతో భాగించి 16.2తో గుణించండి, గంటకు కిలోమీటర్లు వస్తాయి. 50 టన్నుల హంచ్‌బ్యాక్ 4జీకి కంపెనీ ఇచ్చే 200తో 64.8, 250 పెడితే 81. 250 దగ్గర ఇంకో లాభం, పది హీట్‌సింక్‌లు (వేడి తగ్గించేవి) ఇంజన్‌లోనే ఇమిడిపోతాయి, బయట గడులు (మెక్ భాగాల్లో సామాను పట్టే ఖాళీలు) తినవు. నాకు 250 కంటే కిందకి దిగడం ఇష్టం ఉండదు. మీకు నెమ్మదిగా నడిచే మెక్ నచ్చితే మీ ఇష్టం.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఆటలో మెక్‌లు రెండు పక్షాలవి, ఇన్నర్ స్ఫియర్‌వీ క్లాన్‌వీ. ఇన్నర్ స్ఫియర్ మెక్‌లో ఎక్స్‌ఎల్ ఇంజన్ నడి ఛాతీలో మాత్రమే కూర్చోదు, ఛాతీకి అటూ ఇటూ ఉండే రెండు సైడ్ టోర్సోల్లోనూ మూడేసి గడులు ఆక్రమిస్తుంది. ఒక్క సైడ్ టోర్సో పోయిందంటే మెక్ మొత్తం పోయినట్టే. స్టాండర్డ్ ఇంజన్‌తో ఉంటే ఒక పక్క ఊడినా, ఆ పక్క చెయ్యి ఊడినా, మిగిలిన లేజర్‌తో ఇంకాసేపు కొట్టొచ్చు. 250 సైజులో ఎక్స్‌ఎల్ మిగిల్చేది 6 టన్నులు. హెల్మెట్ బరువని ఇంట్లో పడేసి జగదాంబ సెంటర్‌కి బండి మీద వెళ్లడం లాంటి పొదుపు ఇది.

"మరి ఆ వీడియోలో టింబర్ వుల్ఫ్ ఎక్స్‌ఎల్‌తోనే ఒక పక్క పోయినా తిరిగింది కదా" అని ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు, మద్దిలపాలెం నుంచి ఇంకొకరు, ఇంకా ఎవరెవరో అడిగారు. అది క్లాన్ మెక్ అండీ! క్లాన్ ఎక్స్‌ఎల్ పక్కకి రెండేసి గడులే తీసుకుంటుంది, ఒక పక్క పోతే వేగం తగ్గి వేడి పెరుగుతుంది గానీ చావదు. పేరు ఒకటే, వస్తువు వేరు. వీడియో చూసి కాపీ కొట్టేముందు ఆ మెక్ క్లాన్‌దా ఇన్నర్ స్ఫియర్‌దా అని చూడండి. దీని గురించి నన్ను మళ్లీ అడిగితే జవాబివ్వను.

హంచ్‌బ్యాక్‌కి ఇది ఇంకా చెడ్డ బేరం, ఎందుకంటే దాని కుడి భుజం మీద గూనుంది, అది కుడి సైడ్ టోర్సో కిందకే వస్తుంది, పెద్ద ఫిరంగి ఏసీ/20 ఉండేదీ అందులోనే, ఎదుటివాడు చూడగానే కొట్టేది దాన్నే. క్విర్కులు (ఆ మోడల్‌కి ఆట ఇచ్చే అదనపు బలాలు) కలపకుండా లెక్కేస్తే 50 టన్నుల మెక్‌కి సైడ్ టోర్సోలో లోపలి నిర్మాణం 24, కవచం ముందూ వెనకా కలిపి 48. వెనక్కి 6 ఇచ్చామనుకోండి, ముందు నుంచి 66 దెబ్బ చాలు, ఒక్కోటి 20 కొట్టే ఏసీ/20 గుండ్లు నాలుగు. పైగా ఎక్స్‌ఎల్ పెట్టాక ఆ ఏసీ/20 మీకే పట్టదు. దానికి 10 గడులు కావాలి, టోర్సోలో ఉన్నవి 12, ఇంజన్ 3 తినేసింది. అందుకే మీలో చాలామంది దానికంటే చిన్నదైన ఏసీ/10కి దిగిపోయారు. ఏసీ/20 కోసమే కొన్న మెక్‌లో!

దారి లేదా అంటే ఉంది, లైట్ ఇంజన్. పక్కకి రెండే గడులు, ఏసీ/20 సరిగ్గా పడుతుంది, ఒక పక్క పోయినా బతుకుతారు. 3 టన్నులే మిగులుతాయి, సీబిల్స్ (ఆటలో డబ్బు) బాగానే వదులుతాయి. నా లెక్క ఇది: ఎండోస్టీల్ (తేలికపాటి లోపలి గూడు) నిర్మాణం 2.5 టన్నులు, కవచం 10.5, గైరో, కాక్‌పిట్ కలుపుకుని 250 లైట్ ఇంజన్ 15.5. 50లో మిగిలింది 21.5. ఏసీ/20కి 14, మందుగుండుకి 3, మీడియం లేజర్లు మూడు, డబుల్ హీట్‌సింక్ ఒకటి. అర టన్ను ఖాళీ, వదిలేయండి. ఏసీ/20కీ మీడియం లేజర్‌కీ 270 మీటర్లే, కాబట్టి అన్నీ ఒకే దూరంలో పనిచేస్తాయి. మందుగుండు నేను కాళ్లలో పెడతాను. ఫెర్రో (తేలికపాటి కవచం) జోలికి వెళ్లను, 14 గడులు తిని ఇక్కడ ఒక టన్ను చిల్లర ఇస్తుంది. ఎండోకీ 14 గడులే, 2.5 టన్నులు మిగులుతాయి. సీబిల్స్ లేనివాళ్లు స్టాండర్డ్ 250తో ఏసీ/20, రెండు టన్నుల గుండు, రెండు లేజర్లు పెట్టుకోండి, ఏం తక్కువ కాదు.

ఎక్స్‌ఎల్ అసలు వద్దనడం లేదు. 35 టన్నుల జెన్నర్‌కి నేనే పెడతాను. 300 ఇంజన్‌తో 138 దాటి పరిగెత్తేదానికి తగిలితే ఎలాగూ కథ కంచికే.

అభ్యాసం: హంచ్‌బ్యాక్ 4జీని స్టాండర్డ్, లైట్, ఎక్స్‌ఎల్ మూడింటితో ముందు కాగితం మీద కట్టండి, టన్నులూ గడులూ రెండూ కూడండి. తర్వాత ఒక్కోదానితో పదేసి మ్యాచ్‌లు ఆడి, పోయిన ప్రతిసారీ మెక్ బొమ్మలో ఏ భాగం ఊడిందో, అప్పటికి ఎంత దెబ్బ కొట్టారో రాసుకోండి. ముప్పై వరసలు రావాలి. అవి లేకుండా వేడి పాఠానికి వస్తే మీకే అర్థం కాదు.